కొక్కెం లేని పెట్టె

మా చిన్నమ్మ ఫోన్‌లో రోజూ రాత్రి 9 గంటలకు అలారం మోగుతుంది. చిన్నప్పటి నుంచీ వింటున్నా. వేసవి సెలవులకు అవ్వ వాళ్ల ఊరికి పోతే, మేం పిల్లలమంతా మిద్దె మీద పడుకుని దెయ్యాల కథలు చెప్పుకునేవాళ్లం. సరిగ్గా కథ మంచి చోటికి వచ్చేసరికి కింద నుంచి ఆ మోత. చిన్నమ్మ ఏ పనిలో ఉన్నా లేచి లోపలి రూములోకి పోయేది. రెండు నిమిషాలకు కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చేది.

"యాడికి పోయినావు చిన్నమ్మా?"

"బలం మాత్ర మింగొచ్చినా నాయనా."

నాకూ ఒకటి ఇయ్యమని ఏడ్చిన రోజు కూడా ఉందంట. అమ్మ చెప్పి నవ్వేది. నవ్వేటప్పుడు అమ్మ కళ్లు మాత్రం నవ్వేవి కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

మన మ్యాగజైన్‌లో కరువు మీద కవితలు చాలా వచ్చాయి. ఒకటి నేను రాసిందే, దాన్ని దయచేసి వెతక్కండి. ఈసారి ఒక మాత్ర గురించి రాస్తున్నా. రాసే ముందు చిన్నమ్మను అడిగా. ఆమె ఏమందో చివర్లో చెప్తా.

*

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అటే నిలిపేస్తాయి. తూర్పు నుంచి వచ్చే వాన మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అని పుస్తకంలో ఉంటుంది గానీ, ఆ సగటు చెనక్కాయకు తెలీదు. విత్తినప్పుడు పడి, ఊడ దిగేటప్పుడు మొహం చాటేస్తే పైరు పోయినట్లే.

చిన్నాయన రెండు బోర్లు వేయించినాడు. రెండిట్లోనూ దుమ్మే లేచింది. ఆ అప్పు తీర్చడానికి బెంగుళూరు పోయినాడు, కట్టడాల పనికి. మా వైపు ఇది కొత్త కాదు. ముందు తరం సుగ్గికి పోయేది, ఈ తరం సిటీలకు పోతుంది. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. 2009లో చిన్నమ్మ కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్త పరీక్షలో హెచ్ఐవి ఉందని తేలింది. చిన్నాయనకూ చేశారు, ఉంది. ఆయన 2010లో పోయినాడు. ఊరికి మాత్రం కామెర్లని చెప్పినారు.

ఇట్లాంటి కథ వినగానే మనం వేసే మొదటి ప్రశ్న "ఎట్లొచ్చింది?" అని. నాకు తెలీదు. అడగలేదు, అడగను. ఎవరికైనా షుగర్ వచ్చిందంటే మాత్రం ఆ ప్రశ్న ముందు వేయం, "మందులు వాడతాండావా?" అంటాం.

నెలలు నిండినాక ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు రిపోర్టు చూసి కాన్పు చేయం పొమ్మన్నారు. అర్ధరాత్రి ఆటోలో సర్కారు ఆసుపత్రికి పోయినారు. అక్కడ నొప్పుల మీదున్న చిన్నమ్మకు ఒక మాత్ర ఇచ్చారు, పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కల సిరప్ వేశారు. మందు పేరు నెవిరపిన్. అంతే, ఒక మాత్ర, కొన్ని చుక్కలు. 1999లో ఉగాండాలో జరిగిన పరీక్షల్లో ఇంత చిన్న డోసే తల్లి నుంచి బిడ్డకు వైరస్ పోవడాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని తేలింది. ఇప్పుడైతే గర్భిణికి మొదటి నుంచే మూడు మందులూ ఇస్తారు, ప్రమాదం ఇంకా బాగా తగ్గిపోయింది. మా చెల్లెలికి ఏడాదిన్నర వయసులో చేసిన చివరి పరీక్షలో వైరస్ లేదని వచ్చింది. ఇప్పుడది ఇంటర్ చదువుతాంది. లెక్కల్లో నాకంటే చురుకు.

*

నాకు ఈ సంగతి తెలిసింది 2020 ఏప్రిల్‌లో. పదో తరగతి పరీక్షలు ఆగిపోయి, ఇక జరగవేమోనని లోపల సంతోషపడుతున్న రోజులు. బస్సులు లేవు. చిన్నమ్మ మాత్రలు అయిపోవచ్చినాయి. నాయన చేనికాడ ఉన్నాడు. "చిన్నమ్మను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకపోయి రా" అని అమ్మ టీవీఎస్ తాళం చేతిలో పెట్టింది. లైసెన్సు లేని వయసు. పల్లెలో ఎవరడుగుతారు?

చెక్‌పోస్టులో అడిగినారు.

"యాడికిరా?"

"ఆసుపత్రికి సార్."

"ఏం జబ్బు? చీటీ చూపించు."

చిన్నమ్మ సంచిలోంచి ఒక పచ్చ పుస్తకం సగం తీసి, నన్ను చూసి మళ్లీ లోపలికి తోసేసింది. "బీపీ సార్" అంది. "బీపీకి ఈడ దొరకవా మాత్రలు?" అన్నాడాయన. చిన్నమ్మ తల వంచుకుంది. ఎండలో ఆమె మెడ మీద చెమట కాలువ కట్టడం నాకింకా గుర్తుంది. చివరికి ఆమె బండి దిగి, ఆయన్ని పక్కకు పిలిచి, నాకు వినపడకుండా ఏదో చెప్పింది. ఆయన రెండడుగులు వెనక్కి జరిగి, చేత్తో పొమ్మని సైగ చేశాడు. ఆ రెండడుగులు కరోనా భయమే అనుకున్నా నేను.

వచ్చేటప్పుడు దారిలో ఒక వేపచెట్టు కింద బండి ఆపమంది. డబ్బాలు బయటికి తీసి, గోరుతో ఒక్కో డబ్బా మీది లేబులు గీకి, పీకి, గాలికి వదిలేసింది. తర్వాత కొంగులోంచి దూది తీసి ప్రతి డబ్బాలోనూ కుక్కింది. "దూది ఏంటికి చిన్నమ్మా?" అన్నా. "గలగలమంటాదిలే" అంది. ఒక లేబులు ముక్క ఎగిరొచ్చి నా చెప్పు కింద పడింది. దాని మీద మూడు పేర్లు. టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్. జేబులో పెట్టుకున్నా.

ఆ రాత్రి మిద్దె మీద ఫోన్‌లో ఆ పేర్లు కొట్టి చూశా. రెండో లైనులోనే అర్థమైపోయింది.

తర్వాత నేను చేసిన పని చెప్పకుండా ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. మరుసటి పొద్దున చిన్నమ్మ స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. నేను తీసుకోలేదు. కడుపు బాగాలేదన్నా. ఆమె నా మొహం చూసింది, గ్లాసు చూసింది, ఏమీ అనలేదు. ఆ తర్వాతి రోజు నుంచి నాకు టీ కాగితం గ్లాసులో వచ్చేది. అన్ని షాపులూ మూసిన రోజుల్లో ఆ గ్లాసులు ఎక్కడి నుంచి తెచ్చిందో తెలీదు. నన్ను నొప్పించకుండా ఉండటానికి ఆమె తిరిగిందన్నమాట. ఎంగిలి గ్లాసుతో, కలిసి తినడంతో, ముట్టుకోవడంతో హెచ్ఐవి రాదని మా సైన్సు పుస్తకంలోనే ఉంది. దాన్ని బట్టీ పట్టి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. ఆ పొద్దున మాత్రం చెయ్యి ముందుకు రాలేదు.

*

బీటెక్‌కు వచ్చాక, సిగ్గు తీర్చుకోవడానికో ఏమో, ఆ మూడు పేర్ల వెంట పడ్డా. మనం సర్క్యూట్లు చదివేవాళ్లం, బయాలజీ పదో తరగతిలోనే వదిలేసిన బ్యాచి. కాబట్టి మనకు అర్థమయ్యే భాషలో చెప్తా.

కరోనా అప్పుడు మనందరి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ గుర్తుందా? అందులో ఆర్టీ అంటే రియల్ టైమ్ అనుకున్నా చాన్నాళ్లు. నిజానికి అది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. ఒక ఎంజైమ్ పేరు. చిన్నమ్మ మాత్ర ఆపేది సరిగ్గా దాన్నే.

మన కణాన్ని ఒక రిజిస్ట్రార్ ఆఫీసు అనుకోండి. బీరువాలో ఉండే అసలు దస్తావేజు డీఎన్ఏ. పని కోసం బయటికి వచ్చే జిరాక్స్ ఆర్ఎన్ఏ. అసలు నుంచి జిరాక్స్ తీస్తారు గానీ, జిరాక్స్ నుంచి అసలు పుట్టదు. 1970 దాకా జీవశాస్త్రం దాదాపు ఇట్లే నమ్మింది. ఆ ఏడాది హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరి ల్యాబులో వాళ్లు పనిచేస్తూ, కొన్ని వైరస్‌లలో ఒక దొంగ గుమాస్తా ఉన్నాడని కనిపెట్టారు. వాడు జిరాక్స్ చూసి అసలు దస్తావేజు తయారు చేస్తాడు. ఆ ఎంజైమే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. 1975లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. హెచ్ఐవి తన జిరాక్స్‌నీ, ఈ గుమాస్తానీ వెంట తెచ్చుకుంటుంది. తయారైన దొంగ దస్తావేజును మన బీరువాలోనే పెట్టేస్తుంది. అందుకే ఈ జబ్బును ఇప్పటి మందులు అణచి పెట్టగలవు గానీ పూర్తిగా తుడిచేయలేవు.

మరి మందు ఏం చేస్తుంది? గుంతకల్లు జంక్షన్‌లో గూడ్సు బండికి పెట్టెలు తగిలించడం చూసినవాళ్లకు ఇది తేలిక. డీఎన్ఏ ఒక రైలు. ఒక్కో అక్షరం ఒక్కో పెట్టె. ప్రతి పెట్టెకూ ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం. గుమాస్తా ఒక్కో పెట్టె తెచ్చి తగిలిస్తూ పోతాడు. టెనోఫోవిర్, లామివుడిన్ లాంటి మందులు చూడ్డానికి అచ్చం పెట్టెల్లాగే ఉంటాయి, కానీ వెనక కొక్కెం ఉండదు. గుమాస్తా గుర్తుపట్టలేక తగిలిస్తాడు. ఆ తర్వాత ఇంకో పెట్టె తగలదు. రైలు యార్డులోనే ఆగిపోతుంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్‌లది వేరే పద్ధతి. అవి రైల్లో చేరవు. ఎంజైమ్ పక్కనున్న ఒక చిన్న సందులో దూరి, గేరులో రాయి పడ్డట్టు, దాన్ని కదలనీయవు.

మరి మన సొంత కణాల్లో డీఎన్ఏ కట్టే ఎంజైమ్‌లు మోసపోవా? చాలావరకు పోవు. కానీ మైటోకాండ్రియాలో ఉండే ఎంజైమ్ కొన్ని మందులకు కొంచెం లొంగుతుంది. పాత మందుల్లో స్టావుడిన్ వాడినవాళ్లకు చెంపలు గుంటలు పడటం, కాళ్లు మంటలెత్తడం ఇందుకే. అందుకే దాన్ని మెల్లగా మానిపించారు.

*

ఈ మందుల్లో మొదటిది ఏజడ్‌టీ, ఇంకో పేరు జిడోవుడిన్. 1964లో జెరోమ్ హోర్విట్జ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త క్యాన్సర్ కోసం తయారు చేశాడు. క్యాన్సర్‌కు పనికిరాలేదు. పేటెంటు కూడా తీసుకోకుండా మూల పడేశారు. ఇరవై ఏళ్ల తర్వాత హెచ్ఐవి మీద పరీక్షిస్తే పనిచేసింది. 1987 మార్చిలో అమెరికా అనుమతిచ్చింది. మన ప్రాజెక్టు ఒకటి ఫెయిలైతే గుర్తుపెట్టుకోవాల్సిన కథ ఇది.

పనిచేసింది సరే, ఖరీదు వేల డాలర్లలో. ఇక్కడే మనవాళ్లు వస్తారు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీకి డైరెక్టరుగా ఉన్న ఎ.వి. రామారావు బృందం 1990ల మొదట్లో ఏజడ్‌టీని తక్కువ ఖర్చుతో తయారు చేసే పద్ధతి కనిపెట్టి సిప్లా కంపెనీకి ఇచ్చింది. అప్పట్లో మన చట్టం మందు తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు కాదు. 2001లో అదే సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్, స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ మూడూ కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించాడు. అప్పటికి పడమటి దేశాల్లో అదే వైద్యం ఏడాదికి 10 వేల డాలర్ల పైమాట. ఆ మూడూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను ఆపేవే. ఇవాళ ఆఫ్రికా పల్లెల్లో మింగే మాత్రల్లో చాలా వాటి మీద హెటెరో, అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీల పేర్లుంటాయి.

మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అప్పట్లో అందరికీ ఇచ్చేవాళ్లు కాదు. రక్తంలో సిడి4 కణాలు ఒక గీత కిందికి దిగితేనే. చిన్నమ్మకు 2012లో ఆ గీత 350. దిగేదాకా ఆగింది. 2017 నుంచి ఆ గీత చెరిపేశారు, జబ్బు తేలిన రోజే మందు మొదలు.

మందుల చరిత్ర మొత్తం చిన్నమ్మ ఒంటి మీద రాసి ఉంది. మొదటిది జిడోవుడిన్ ఉన్న మందు, పొద్దునొకటి రాత్రొకటి. ఆమె గోళ్లు నల్లబడినాయి, రక్తం తగ్గింది. "సున్నం పనికి పోతాండాను కదా, గోళ్లు కాలినాయి" అని ఊళ్లో చెప్పుకుందంట. తర్వాత నేను లేబులు చూసిన మందు, రాత్రిపూట ఒకటే. దాంట్లో ఎఫావిరెంజ్ వల్ల తల తిరిగేది, కలలొచ్చేవి. "రోజూ సినిమానే నాయనా, టిక్కెట్టు లేకుండా" అంటుంది ఇప్పుడు నవ్వుతూ. 2021 నుంచి మూడోది. టెనోఫోవిర్, లామివుడిన్ అట్లాగే ఉండి, ఎఫావిరెంజ్ బదులు డోలుటెగ్రావిర్ వచ్చింది. ఇది గుమాస్తా జోలికి పోదు, దస్తావేజును బీరువాలో పెట్టే చేతిని పట్టుకుంటుంది. కలలు పోయినాయి. గోళ్లు ఎప్పుడో తెల్లబడినాయి.

*

ఇంతవరకూ సైన్సు గెలిచిన కథే. ఓడిపోయే చోటు ఒకటుంది.

ఈ దొంగ గుమాస్తాకు ఒక గుణం ఉంది. రాసింది మళ్లీ సరిచూసుకోడు. తప్పులు చేస్తూ పోతాడు. ఒంట్లో వైరస్ అదుపు లేకుండా ఉన్నప్పుడు రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి, వాటిలో ఎన్నో తప్పుల కాపీలు. చాలా తప్పులు వైరస్‌నే చంపుతాయి. కానీ ఎప్పుడో ఒక తప్పు దానికి లాభం. ఎంజైమ్‌లో 184వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారితే చాలు, లామివుడిన్ పట్టు జారిపోతుంది. అందుకే మూడు మందులు కలిపి ఇస్తారు. ఒకేసారి మూడింటినీ తప్పించుకునే తప్పు చేయడం వైరస్‌కు కష్టం. రోజూ వేళకు మింగితే కొత్త కాపీలే పుట్టవు, తప్పులూ ఉండవు.

మధ్యలో మానేస్తే? చిన్నమ్మ పాత మందునే తీసుకోండి. ఆపేస్తే టెనోఫోవిర్, లామివుడిన్ ముందు దిగిపోతాయి. ఎఫావిరెంజ్ ఇంకా కొన్ని రోజులు రక్తంలో మిగిలి ఉంటుంది. ముగ్గురు కాపలా ఉండాల్సిన చోట ఒక్కడే మిగులుతాడు. వైరస్‌కు వాడిని లొంగదీసుకునే పాఠం నేర్పినట్లవుతుంది.

2018లో చిన్నమ్మ రక్తంలో వైరస్ లెక్క పెరిగిందని తేలింది. కౌన్సిలర్ అడిగిందంట, మాత్రలు మరిచిపోతున్నావా అని. మా ఇంట్లో అమ్మ కూడా అదే తిట్టింది. నిరుడు నేను మళ్లీ ఈ విషయం ఎత్తితే చిన్నమ్మ అసలు సంగతి చెప్పింది.

"మరిచిపోలేదు నాయనా. ఆరేండ్లు ఒక్క పూట మరిచిపోలా. హిందూపురంలో పెండ్లికి పోయినాం. నాలుగు దినాలు. ఒకటే రూములో పదైదు మంది ఆడోళ్లు. సంచి తెరిస్తే 'ఏం మాత్రలక్కా' అంటారు. బాత్రూముకు పోతే వాకిలి కొట్తాండారు. ఆ తర్వాత జాతర, ఆ తర్వాత తిరుపతి. మాత్ర ఉండాది, నీళ్లుండాయి. మింగను చోటు దొరకలా."

మింగను చోటు దొరకలా. ఈ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడు ఖండాల శాస్త్రవేత్తలు, నోబెల్, తార్నాక ల్యాబు, 350 డాలర్లు, ఉచిత కేంద్రాలు, అన్నీ దాటి మాత్ర ఆమె కొంగులోకి వచ్చింది. కొంగు నుంచి నోటి దాకా ఉన్న మూరెడు దూరం మాత్రం మన చేతిలో ఉంది. వైరస్ మందుకు అలవాటు పడేది ఆ మూరెడు దూరంలోనే. దానికి ఆ సందు ఇచ్చింది "ఏం మాత్రలక్కా" అన్న మనమే. కాగితం గ్లాసు తాగిన నేనే.

ఆమె అదృష్టం, కౌన్సిలర్ ఓపిగ్గా మాట్లాడింది. మూడు నెలలు గట్టిగా వేళ తప్పకుండా వేసుకుంది. మళ్లీ పరీక్ష చేస్తే లెక్క దిగిపోయింది. అప్పటి నుంచి కనిపించని స్థాయిలోనే ఉంది. ఆ స్థాయిలో నిలకడగా ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి హెచ్ఐవి సోకదని పెద్ద పెద్ద పరిశోధనలు తేల్చినాయి. అంటే చిన్నమ్మ రోజూ మింగే మాత్ర మందూ అవుతుంది, టీకా లాంటి అడ్డుకట్టా అవుతుంది.

మా ప్రాంతంలో చిన్నమ్మ లాంటివాళ్లు తక్కువేం కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ, బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్ఐవి ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా వైద్యం చేస్తోంది. అక్కడి డాక్టర్లు ఏళ్ల తరబడి తమ దగ్గరికి వచ్చినవాళ్ల వివరాలు పేర్లు లేకుండా అధ్యయనం చేసి, ప్రపంచ వైద్య పత్రికల్లో ప్రచురించారు. కరువు నేల మీది మన కూలీల, భర్త పోయిన మన ఆడవాళ్ల లెక్కలు అవి. జబ్బు బాగా ముదిరినాక వచ్చేవాళ్లు ఎందరు, వాళ్లు ఎవరు అన్నది వాటిలో ఒక పెద్ద విషయం. వాటిని చదువుతుంటే టేబుల్‌లో ఏదో ఒక అంకె మా చిన్నమ్మలాగే కనిపిస్తుంది నాకు.

*

ఇదంతా పల్లె సంగతి, మన క్యాంపస్‌కు ఏం సంబంధం అనుకుంటున్నారా?

మా సీనియర్ ఒకాయన రెండేళ్ల కింద రక్తదానం క్యాంపులో రక్తమిచ్చాడు. వారం తర్వాత ఫోనొచ్చింది, హెపటైటిస్ బి ఉంది, డాక్టర్ని కలవమని. ఒంట్లో ఏ బాధా లేదు. పరీక్షలన్నీ అయ్యాక మందు రాశారు. నాకు చీటీ చూపించి "ఇదేం మందురా, నువ్వు ఇట్లాంటివి చదువుతావు కదా" అన్నాడు. చూసి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. టెనోఫోవిర్.

హెపటైటిస్ బి వైరస్ హెచ్ఐవికి చుట్టం కాదు. కానీ దీని దగ్గరా అట్లాంటి గుమాస్తానే ఉన్నాడు. కాలేయంలో చేరి, డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తీసి, దాన్ని చూసి మళ్లీ డీఎన్ఏ కడుతుంది. కాబట్టి కొక్కెం లేని పెట్టె ఇక్కడా పనిచేస్తుంది. లామివుడిన్‌ను 1998లోనే దీనికి అనుమతించారు. తర్వాత ఎంటెకావిర్, టెనోఫోవిర్ వచ్చాయి. కాలేయం గట్టిపడిపోకుండా, క్యాన్సర్ దాకా పోకుండా ముప్పు తగ్గిస్తాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. దీనికి టీకా కూడా ఉంది. వేయించుకున్నారో లేదో ఇవాళ ఇంటికి ఫోన్ చేసి అడగండి.

సీనియర్ తన మందు గురించి హాస్టల్లో "లివర్ టాబ్లెట్" అని ధైర్యంగానే చెప్పుకున్నాడు. టేబుల్ మీద డబ్బా పెట్టుకుంటాడు. ఎవరూ గ్లాసు మార్చలేదు. మా చిన్నమ్మ డబ్బాలో దూది కుక్కుకుంటుంది. రెండు డబ్బాల్లోనూ ఉన్నది టెనోఫోవిరే.

దీని పని ఇంకా ఉంది. ఆసుపత్రిలో నర్సుకు సూది గుచ్చుకుంటే, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు ఈ మందులే ఇస్తారు, వైరస్ పాతుకోకుండా. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ప్రమాదం ఎక్కువున్నవాళ్లు ముందే వేసుకునే పద్ధతికి 2012లో అమెరికా అనుమతిచ్చింది, అందులోనూ టెనోఫోవిరే. ఇంకా వింత ఏంటంటే, మన డీఎన్ఏలోనే దాదాపు 17 శాతం ఎప్పుడో పాతకాలంలో తమను తాము కాపీ చేసుకుని పేరుకుపోయిన లైన్-1 అనే ముక్కలు. వాటిలో కొన్నిటికి ఇప్పటికీ సొంత రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఉంది. వయసు పైబడేకొద్దీ అవి లేచి వాపు పుట్టిస్తాయేమోనని, అల్జీమర్స్‌లో ఈ మందులు వాడి చిన్న పరీక్షలు జరుగుతున్నాయి. 2014లో అంబటి జయకృష్ణ బృందం, ఈ మందులు కంటి రెటీనాను దెబ్బతీసే ఒక రకం వాపును కూడా ఆపుతాయని ఎలుకల్లో చూపించింది. అది కొక్కెంతో సంబంధం లేని ఇంకో దారి. ఇవన్నీ ఇంకా పరిశోధనలే, షాపులో కొనుక్కొని మింగేవి కాదు. క్యాన్సర్ కోసం పుట్టి ఫెయిలైన మందు కుటుంబం ఎక్కడెక్కడ తేలుతోందో చూడండి.

ఇంకో మాట. మన హాస్టల్లో ఎవడన్నా సన్నబడితే "ఏంరా, ఎయిడ్సా?" అనడం ఉంది. నేనూ అన్నా, ఫస్టియర్‌లో, అన్నీ తెలిసి కూడా. 300 మంది ఉన్న మెస్‌లో ఆ జోకు విని నవ్వుతూనే జేబులోని మాత్ర ఆ రాత్రికి ఎగ్గొట్టేవాడు ఒకడుండొచ్చు. హెచ్ఐవి ఉన్నవాళ్ల వివరాలు బయటపెట్టడం, చదువులో ఉద్యోగంలో వేరుగా చూడటం తప్పని 2018 సెప్టెంబర్ నుంచి చట్టమే అమల్లో ఉంది. అయితే జోకు మీద కేసు పెట్టలేరు. అది మనమే మానాలి.

*

మొన్న సంక్రాంతికి అవ్వ వాళ్లింటికి పోయినా. పొద్దున చిన్నమ్మ నాకు కాగితం గ్లాసులో టీ తెచ్చింది. ఇన్నేళ్లూ అదే అలవాటైపోయింది ఆమెకు. నేను లేచి వంటింట్లోకి పోయి, ఆమె తాగుతున్న స్టీలు గ్లాసు తీసుకుని, మిగిలింది తాగేసినా. "ఒరే, చక్కెర లేదు దాంట్లో" అంది. అంతే అంది. తర్వాత చాలాసేపు పొయ్యి వైపు తిరిగే నిలబడింది.

ఆ రాత్రి వసారాలో చుట్టాలు, పక్కింటివాళ్లు, ఓళిగలు, ఒకటే గోల. 9 గంటలకు అలారం మోగింది. చిన్నమ్మ లేవబోయింది. చెల్లెలు ఆమె కంటే ముందు లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. చిన్నమ్మ ఒక్క క్షణం మమ్మల్ని చూసి, అందరి మధ్యలో కూర్చునే మాత్ర వేసుకుంది. "ఏం మాత్రక్కా?" అని ఎవరో అడిగినారు. చెల్లెలు "నీ బీపీ మాత్ర టైమెంత అత్తా, వేసుకున్నావా?" అని ఆమెనే తిరిగి అడిగింది. మాట అటు మళ్లింది. చిన్నమ్మ మాత్ర కడుపులోకి పోయింది. ఇంతకంటే పెద్ద విప్లవమేం జరగలేదు మా ఇంట్లో.

మిద్దె మీద పడుకునేటప్పుడు, మన మ్యాగజైన్‌లో ఈ సంగతి రాస్తానని అడిగినా. చాలాసేపు చుక్కలు చూస్తూ పడుకుంది. వద్దంటుందనుకున్నా.

"రాయి. నా పేరు రాయొద్దు. ఊరి పేరు రాయొద్దు. మాత్ర పేరు మాత్రం రాయి నాయనా. ఆ లేబులు నేను పీకి పారేస్తాండా ఇన్నేండ్లూ."